వేలికి జవాబిచ్చే రేకు

నోకియా 1100 ముందు ప్యానెల్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. వెనక మూత జరిపి, ముందు ప్యానెల్ అంచు పట్టి లాగితే వచ్చేస్తుంది. దాంతోపాటు కీప్యాడ్ కూడా చేతిలోకి వస్తుంది. అది విడివిడి బటన్లు కాదు, మొత్తం ఒకే ముక్కగా పోతపోసిన సిలికాన్ రబ్బరు. పాత ప్యానెల్ తీసేసి బజారులో దొరికే రంగురంగుల ప్యానెళ్ళు వేసుకున్నవాళ్ళందరూ ఇంతవరకు చూసే ఉంటారు. రబ్బరు కింద ఏముందో మాత్రం చాలామంది పట్టించుకుని ఉండరు. అక్కడ సర్క్యూట్ బోర్డు మీద పల్చటి ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. ఆ షీటు కింద, ఒక్కో బటన్‌కు ఒకటి చొప్పున, మెరిసే చిన్న ఉక్కు బిళ్ళలుంటాయి. మధ్యలో కొంచెం ఉబ్బి, అంచులు బోర్డును ఆనుకుని ఉంటాయి. ఒకదాన్ని గోటితో నొక్కితే టిక్కుమని లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ టిక్కుమని పైకొస్తుంది.

ఫోన్లు తయారుచేసేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ ఈ బిళ్ళను డోమ్ అంటారు. ఒక ఫోన్లో ఇంత చవకైన భాగం, ఇంత తక్కువ చోటు పట్టే భాగం, ఇంత ఎక్కువ పని చేసే భాగం ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

1100ను 2003 ఆగస్టులో ప్రకటించారు. కాలిఫోర్నియాలోని నోకియా డిజైన్ కేంద్రంలో రూపుదిద్దుకుంది. రూపకర్త మికి మెహాంజీస్కీ బల్గేరియా మూలాలున్న అమెరికన్. మొత్తమ్మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. నోకియా అమ్మిన నూరు కోట్లవ ఫోను కూడా 1100యే. దాన్ని 2005లో నైజీరియాలో కొన్నారు. దుమ్ము, చెమట, కరెంటు కోత ఉన్న దేశాల కోసం చేసిన ఫోను ఇది. మన దగ్గర ప్రకటనల్లో ఇండియా కోసమే తయారైందని చెప్పుకున్నారు. 'సి' బటన్ నొక్కిపట్టుకుంటే తలమీద వెలిగే టార్చిలైటు గురించి ఊరూరా చెప్పుకున్నారు. పక్కల జారకుండా రబ్బరు పట్టు పెట్టారు. దుమ్ము దూరకుండా బటన్లన్నిటికీ కలిపి ఒకే రబ్బరు వేశారు. టార్చిలైటుకు ఎంత పేరు రావాలో అంత వచ్చింది. ఆ ఫోనులో అసలు గొప్ప పని మాత్రం ఆ రబ్బరు కిందే ఉంది.

డోమ్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే తిరునాళ్ళలో అమ్మే టక్‌టక్ కప్పను గుర్తుతెచ్చుకోవాలి. కప్ప పొట్ట కింద ఉబ్బుగా వంచిన ఉక్కు రేకు ఉంటుంది. బొటనవేలితో నొక్కుతూ పోతే కొంతసేపు ఎదురు తిరుగుతుంది. ఒకచోట ఇక నిలబడలేక ఒక్కసారిగా లోపలికి విరుచుకుపడుతుంది. ఆ పడడమే చప్పుడు. డోమ్‌లో జరిగేదీ ఇదే. తేడా కొలతల్లో ఉంది. ఫోన్లలో వాడే డోమ్ వ్యాసం సాధారణంగా నాలుగైదు మిల్లీమీటర్లు. రేకు మందం మిల్లీమీటరులో ఇంచుమించు ఇరవయ్యో వంతు. అది లోపలికి పోయే దూరం మిల్లీమీటరులో నాలుగో వంతుకు అటూఇటూ. ఇంత తక్కువ దూరంలో ఒక ఎదురు, ఒక ఓటమి, ఒక ఆగడం, మూడూ వేలికి స్పష్టంగా తెలియాలి. ఇంజనీర్లకు ఇచ్చిన లెక్క ఇదీ.

ఈ లెక్కలో మొదట తేల్చాల్సింది ఉబ్బు ఎంత ఉండాలన్నది. రేకు మందంతో పోలిస్తే ఉబ్బు తక్కువైతే, నొక్కినకొద్దీ మెత్తగా కిందికి పోతుందే తప్ప విరుచుకుపడదు. టిక్ అనేదే పుట్టదు. ఉబ్బు మరీ ఎక్కువైతే లోపలికి పడ్డది అక్కడే బోర్లా ఉండిపోతుంది, వేలు తీసినా పైకి రాదు. ఈ రెంటి మధ్య సన్నటి ఇరుకు ఉంది. విరుచుకుపడాలి, కానీ వదలగానే తనంతట తాను లేవాలి. డోమ్ చేసేవాళ్ళ విద్యంతా ఆ ఇరుకులోనే. లోహం కూడా దానికి తగ్గదే కావాలి. ఎక్కువగా వాడేది 301 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులో సుమారు 17 శాతం క్రోమియం, 7 శాతం నికెల్ ఉంటాయి. వేడి చేయకుండా రోలర్ల మధ్య నలిపి నలిపి పల్చన చేసేకొద్దీ ఈ ఉక్కు గట్టిపడి స్ప్రింగు గుణం తెచ్చుకుంటుంది. అలాంటి రేకును అచ్చుతో కొట్టి బిళ్ళలు తీస్తారు. లక్షల సార్లు కుంగి లేచినా పగలదు, ఉబ్బు కోల్పోదు.

ఇప్పుడు వేలి వైపు నుంచి చూద్దాం. బటన్ నొక్కడం మొదలుపెట్టగానే బరువు పెరుగుతూ పోతుంది. సుమారు నూట యాభై, రెండొందల గ్రాముల దగ్గర శిఖరం. అది దాటిన మరుక్షణం ఎదురు హఠాత్తుగా పడిపోతుంది. అడుగున గట్టి నేల తగులుతుంది. శిఖరానికీ లోయకూ మధ్య తేడా శిఖరంలో ఎన్నో వంతు అన్నదాన్ని క్లిక్ నిష్పత్తి అంటారు. అది తక్కువైతే బటన్ పిండి ముద్దలా అనిపిస్తుంది, మరీ ఎక్కువైతే వేలికి చురుక్కుమంటుంది. బటన్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని మనం అనుకునేది చాలావరకు శిఖరం గురించి. బటన్ బాగుందా లేదా అని తేల్చేది మాత్రం ఆ పడిపోవడం.

అందులో ఇంకో సుగుణం కూడా ఉంది. శిఖరం దాటాక రేకు మధ్యలో ఎక్కడా ఆగలేదు. పైన నొక్కే బరువు అలాగే ఉంది, కింద ఎదురు తగ్గిపోయింది. కాబట్టి అడుగుదాకా పోయి తీరాలి. సగం నొక్కిన బటన్ అంటూ ఉండదు. నొక్కినట్టా, నొక్కనట్టా? రెండే జవాబులు.

ఇక ఆ అడుగున ఏముందో చూడాలి. బోర్డు మీద బంగారు పూత పూసిన ఒక వలయం, దాని నడుమ విడిగా ఒక చుక్క. డోమ్ అంచు ఎప్పుడూ వలయాన్ని తాకుతూనే ఉంటుంది. రేకు విరుచుకుపడి దాని నడిబొడ్డు చుక్కకు తగిలినప్పుడు వలయానికీ చుక్కకూ వంతెన పడి కరెంటు పారుతుంది. ఫోనుకు 'ఐదు నొక్కారు' అని తెలిసేది అప్పుడే. అంటే వేలికి జవాబిచ్చే రేకూ, ఫోనుకు వార్త చేరవేసే రేకూ ఒక్కటే. వేలికి తగిలిన ఆ అడుగు ఏదైతే ఉందో, అదే కరెంటు కలిసిన చోటు. స్పర్శ ఒకచోట, సంగతి ఇంకోచోట జరగడం లేదు. నన్నడిగితే ఈ చిన్న వస్తువు గొప్పతనమంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఇది అబద్ధం చెప్పే వీలు లేకుండా కట్టిన జవాబు.

పక్కన టీవీ రిమోట్ పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. చాలా రిమోట్లలోనూ, కిరాణా కొట్టు గల్లాపెట్టె మీదుండే చవక క్యాలిక్యులేటర్లలోనూ లోహపు డోమ్ ఉండదు. రబ్బరు బటన్ అడుగున నల్లటి కార్బన్ బిళ్ళ ఉంటుంది. బటన్ చుట్టూ ఉండే పల్చటి రబ్బరు గోడ కుంగి, ఆ నల్ల బిళ్ళ బోర్డుకు తగిలితే పని జరుగుతుంది. ఇక్కడ వేలికి తెలిసేది రబ్బరు గోడ కుంగడం. కరెంటు కలిసేది కార్బన్ బిళ్ళ దగ్గర. రెండూ వేర్వేరు సంగతులు. కొత్తలో రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి తేడా తెలియదు. రెండుమూడేళ్ళకు బిళ్ళ మీద జిడ్డు పేరుకుంటుంది, రబ్బరు అలిసిపోతుంది. వేలు మాత్రం నొక్కాననే అనుకుంటుంది, ఛానల్ మారదు. ఇంకా గట్టిగా నొక్కుతాం, బొటనవేలు నొప్పి పుట్టేదాకా నొక్కుతాం. రిమోట్‌ను అరచేత్తో కొట్టడం మన ఇళ్ళలో అలవాటైపోవడానికి సగం కారణం ఇదే.

1100లో రబ్బరుకు స్పర్శ పుట్టించే పని లేదు. ఉన్నదల్లా వేలి బరువును డోమ్‌దాకా మోయడమే. అందుకే ఆ రబ్బరు పలకను తిరగేసి చూడడం మంచి పాఠం. ప్రతి బటన్ అడుగునా చిన్న మొలక లాంటి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది. అది డోమ్ నడినెత్తిన నిలబడాలి. మొలక లావైతే డోమ్‌ను నలువైపులా అదిమేస్తుంది, విరుపు మొద్దుబారుతుంది. మరీ సన్నమైతే కొంచెం పక్కకు జరిగినా డోమ్ భుజం మీద పడుతుంది, రేకు ఒకవైపు నుంచి నలుగుతుంది. వేలికి ఒక్క శుభ్రమైన టిక్కుకు బదులు రెండు ముక్కల చిటపట వినిపిస్తుంది. బటన్‌కూ బటన్‌కూ మధ్య రబ్బరు తగినంత పల్చగా లేకపోతే ఐదు నొక్కినప్పుడు పక్కనున్న నాలుగూ ఆరూ కూడా లాగినట్టవుతాయి. దుమ్ము దూరకూడదంటే రబ్బరు ఒకే ముక్కగా ఉండాలి. బటన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కదలాలంటే ముక్కలు ముక్కలుగా ఉండాలి. ఒకదానికొకటి సరిపడని ఈ రెండు కోరికలనూ ఒకే అచ్చులో కుదిర్చారు.

నాకు అన్నిటికంటే నచ్చిన వివరం గాలికి సంబంధించింది. డోమ్ కింద గుక్కెడు కూడా కాదు, అణువంత గాలి చిక్కుకుని ఉంటుంది. రేకు లోపలికి పడాలంటే ఆ గాలి ఎక్కడికో పోవాలి. పోయే దారి లేకపోతే అది బెలూన్‌లా అడ్డుపడి విరుపును మందగింపజేస్తుంది, వదిలినప్పుడు లేవడాన్ని కూడా ఆపుతుంది. బయటికి రంధ్రం పెడితే ఆ దారిన చెమటా దుమ్మూ లోపలికొస్తాయి. అందుకని డోమ్‌లను పట్టి ఉంచే షీటు అడుగున, జిగురు లేని సన్నటి కాలువలు వదులుతారు. ఒక డోమ్ కుంగితే దాని గాలి పక్క డోమ్ కిందికి పోతుంది, లేస్తే తిరిగొస్తుంది. షీటును ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ కాలువలు కనిపిస్తాయి. ఒక బటన్ వదిలిన ఊపిరిని ఇంకో బటన్ దాచిపెట్టి తిరిగిస్తుందన్నమాట. దీన్ని మొదట ఆలోచించినవాళ్ళెవరో గాని, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

వేలికి ఇంత సూక్ష్మం తెలుస్తుందా అన్న అనుమానం రావచ్చు. తెలుస్తుంది. 1970ల్లో స్వీడన్‌లో రోలాండ్ యోహాన్‌సన్, ఓకే వాల్బో అనే శాస్త్రవేత్తలు మెలకువగా ఉన్న మనుషుల చేతి నరాల్లో సన్నటి సూదులు పెట్టి, చర్మాన్ని తాకినప్పుడు ఏ నరం ఎలా స్పందిస్తుందో నమోదు చేశారు. వాళ్ళ అంచనా ప్రకారం ఒక్క అరచేతి వైపు చర్మంలో స్పర్శను పట్టే నరాలు సుమారు 17,000. అవి నాలుగు రకాలు. ఒత్తిడి ఉన్నంతసేపూ చెబుతూనే ఉండేవి కొన్ని. ఒత్తిడి మారినప్పుడు మాత్రమే చెప్పి ఊరుకునేవి కొన్ని. ఈ రెండో జాతిలోని పాసినియన్ గ్రాహకాలు సెకనుకు రెండు మూడొందల సార్లు వచ్చే కంపనాన్ని అతి సున్నితంగా పడతాయి. డోమ్ విరుచుకుపడినప్పుడు పుట్టేది సరిగ్గా మార్పే. ఎంత బరువు పెట్టామన్నది వేలికి అంతగా గుర్తుండదు. బరువు తగ్గిన క్షణం మాత్రం తప్పిపోదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు బటన్‌ను గట్టిగా చేయడం మానేసి, దాన్ని సరైన చోట ఓడిపోయేలా చేశారు.

తెలుగువాళ్ళకు ఈ ఓటమి ఎంత ఉపయోగపడిందో ఒక మాట టైపు చేసి చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో మెసేజీలు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుకునేవాళ్ళం. ఫోన్లో టీ9 అనే సదుపాయం ఉండేది, ఒక్కో అక్షరానికి ఒక్క నొక్కుతో మాటను ఊహించేది. దాని నిఘంటువులో ఇంగ్లిషు మాటలున్నాయి, మన మాటలు లేవు. 'వస్తున్నా' అని రాయబోతే ఇంకేదో మాట ప్రత్యక్షమయ్యేది. కాబట్టి దాన్ని ఆపేసి, పాత పద్ధతిలో ఒక్కో అక్షరాన్నీ లెక్కపెట్టి నొక్కడమే మార్గం. 'వస్తున్నా' తీసుకోండి. 'వి' కోసం ఎనిమిది మూడుసార్లు. 'ఏ' కోసం రెండు ఒకసారి. 'ఎస్' కోసం ఏడు నాలుగుసార్లు. 'టి' కోసం ఎనిమిది ఒకసారి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తర్వాతి 'యు' కూడా ఎనిమిది మీదే ఉంది, రెండుసార్లు. 'ఎన్' కోసం ఆరు రెండుసార్లు, మళ్ళీ ఆగి ఇంకో రెండుసార్లు, చివర 'ఏ' కోసం రెండు ఒకసారి. మొత్తం పదహారు నొక్కులు, మధ్యలో రెండు విరామాలు. ఏడును మూడే సార్లు నొక్కితే 'ఎస్' బదులు 'ఆర్' పడుతుంది. ఐదోసారి నొక్కితే ఏకంగా ఏడు అంకె పడుతుంది.

ఈ లెక్క పెట్టింది కళ్ళు కాదు. బస్సులో నిలబడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, జేబులోంచి సగం తీసిన ఫోను మీద బొటనవేలితో 'వస్తున్నా' పంపినవాళ్ళు ఎంతమందో. తెరను చూసేది చివర్లో, పంపే ముందు ఒక్కసారే. మిగతా లెక్కంతా బొటనవేలికి తగిలిన టిక్కులదే. రిమోట్ రకం మెత్తటి బటన్లయితే నాలుగో నొక్కు పడిందో లేదో తెలియక ప్రతి అక్షరానికీ తెర చూడాల్సి వచ్చేది. ఇంగ్లిషు రాసేవాడికి టీ9 తోడుంది. తెలుగు రాసేవాడికి డోమ్ తప్ప వేరే తోడు లేదు. బటన్ల మీద అంకెలూ అక్షరాలూ అరిగి నున్నగా అయిపోయిన ఫోన్లను ఏళ్ళ తరబడి తడుముకోకుండా వాడినవాళ్ళు మన ఊళ్ళన్నిటా ఉన్నారు.

తడుముకోకపోవడానికి ఐదు మీదుండే చిన్న పొక్కు కూడా కారణం. టెలిఫోన్ అంకెల వరుస అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరీక్షల్లోంచి వచ్చింది. పై వరుసలో ఒకటి రెండు మూడు ఉండే అమరికతో బటన్ల ఫోనును 1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలో జనానికి ఇచ్చారు. ఐదు మీద తగిలేలా గుర్తు ఉండాలన్న సూచన తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల్లోకెక్కింది. ఆ పొక్కు తగిలితే చాలు, మిగతా బటన్లన్నీ దానికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో చేతికి తెలిసిపోతుంది. చూపు లేనివాళ్ళకు ఇది దారి చూపించే గుర్తు. చూపున్నవాళ్ళు రోజుకు పదిసార్లు తాకుతూ కూడా దాన్ని గమనించరు. పొక్కు ఎక్కడున్నావో చెబుతుంది, డోమ్ ఏం చేశావో చెబుతుంది. చీకట్లో ఈ రెండూ ఉంటే చాలు.

చేతిలో పట్టే యంత్రానికి ఈ రకం జవాబు కావాలన్న పట్టుదల ఫోన్లతో మొదలవలేదు. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ హెచ్‌పి-35 క్యాలిక్యులేటర్ తెచ్చింది. చొక్కా జేబులో పట్టాలని బిల్ హ్యూలెట్ పెట్టిన షరతు. ధర 395 డాలర్లు. మీద 35 బటన్లున్నాయి గనుక ఆ పేరు. సైన్సు లెక్కలన్నీ చేసే యంత్రం జేబులోకి రావడమే ఆ రోజు వింత. దాని రూపం తీర్చిన ఎడ్వర్డ్ లిల్యెన్‌వాల్ బృందం బటన్ల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టింది. విల్లులా వంచిన లోహపు పట్టీలను బోర్డు మీద పరిచారు. బటన్ నొక్కితే పట్టీ విరుచుకుపడి కరెంటు కలుస్తుంది. ఎక్కువగా వాడే అంకెల బటన్లను మిగతావాటి కంటే పెద్దవిగా, ఎడంగా పెట్టారు. అంకెలను పైన అచ్చు వేయలేదు. రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోసి చేశారు, కాబట్టి బటన్ ఎంత అరిగినా అంకె చెరిగిపోదు. ఆ వంశంలోనిదే 1981లో వచ్చిన హెచ్‌పి-12సి. బ్యాంకుల్లో, ఫైనాన్సు కంపెనీల్లో దాన్ని ఇప్పటికీ కొని వాడుతున్నారు. అదే లెక్కలు చేసే యాప్ ఫోన్లో దొరుకుతున్నా ఆ బటన్ల కోసం కొనేవాళ్ళున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

బ్లాక్‌బెర్రీ వాళ్ళు ఇదే రేకును ఇంకో మెట్టు ఎక్కించారు. బొటనవేళ్ళతో టైపు చేయడానికని ముప్ఫై పైచిలుకు బటన్లను అరచేతిలో ఇమిడ్చి, 2008 నాటి బోల్డ్ మోడల్‌లో వరుసల మధ్య సన్నటి లోహపు గీతలు పెట్టి, ఎడమవైపు బటన్ల మీద ఒకలా, కుడివైపు వాటి మీద ఇంకోలా వాలు తీశారు. ఏ వరుసలో, ఏ వైపు ఉన్నామో వేలికి నొక్కకముందే తెలియాలని.

అదే కంపెనీ అదే ఏడు స్టార్మ్ అనే ఫోన్ తెచ్చింది. దానికి బటన్లు లేవు. అద్దపు తెర మొత్తాన్నీ అడుగున ఒక స్విచ్చి మీద నిలబెట్టి, ఎక్కడ నొక్కినా తెరంతా కుంగి టిక్కుమనేలా చేశారు. కోరిక మంచిదే. కానీ అన్ని అక్షరాలకూ ఒకే స్విచ్చి, ఒకే టిక్కు. ఒక అక్షరం వదిలితే గాని ఇంకోటి నొక్కడానికి లేదు. వేలికి అంచులు తగలవు. ఏదో నొక్కానని తెలుస్తుంది, ఏది నొక్కానో తెలియదు. డోమ్ విలువ శబ్దంలోనో కదలికలోనో మాత్రమే లేదని, ప్రతి బటన్‌కూ తనదైన డోమ్ ఉండడంలో ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ తర్వాత వచ్చిన దారి వేరు. 2016లో ఐఫోన్ 7 హోమ్ బటన్ అసలు కదలడం మానేసింది. వేలి ఒత్తిడిని సెన్సర్ పసిగడుతుంది, లోపలున్న చిన్న మోటారు ఆ క్షణంలోనే ఒక్క కుదుపు కుదుపుతుంది, వేలు దాన్ని టిక్కని నమ్ముతుంది. చాలా నేర్పుగా చేసిన పని, దాన్ని తక్కువ చేయను. ఫోను ఆపేసి అదే బటన్ నొక్కితే మాత్రం రాయిని నొక్కినట్టే ఉంటుంది. ఆ జవాబు సాఫ్ట్‌వేర్ ఇచ్చేది, అది ఇవ్వాలనుకుంటేనే వస్తుంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టిన 1100లో కూడా డోమ్ టిక్కుమంటుంది. అది చెప్పేది చిన్న సంగతే, లోహానికి లోహం తగిలిందని. ఆ సంగతి మాత్రం కరెంటున్నా లేకపోయినా నిజమే.

నిజం చెప్పలేని రోజు డోమ్‌కూ వస్తుంది. ఏళ్ళ తరబడి చెమట, దుమ్ము షీటు అంచుల్లోంచి దూరి బంగారు చుక్క మీద పొర కడితే, టిక్కు వినిపిస్తుంది, అంకె పడదు. తయారీదారులకు ఇది తెలుసు. అందుకే కొన్ని డోమ్‌ల నడిబొడ్డున ఇంకా చిన్న పొక్కు ఒకటి అచ్చుకొడతారు, రేకంతా ఒక చుక్కలో ఆని పొరను చీల్చుకుని తగలాలని. అదీ చాలనప్పుడు రిపేరు షాపే దిక్కు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఈ పని చేసే చేతులను చూడడం ఒక అనుభవం. షీటు కొసను పట్టకారుతో మెల్లగా లేపుతారు. థిన్నర్‌లో ముంచిన బ్రష్షుతో బంగారు వలయాలను తుడుస్తారు. అలిసిపోయిన షీటైతే కొత్తది తెచ్చి, బిళ్ళలన్నీ తమ తమ వలయాల మీద ఒక్కసారిగా కూర్చునేలా అతికిస్తారు. అర మిల్లీమీటరు పక్కకు పోయినా ఏదో ఒక బటన్ మొరాయిస్తుంది. అతికించాక మూత పెట్టకముందే వరుసగా ఒక్కో డోమ్‌నూ వేలితో నొక్కి చూస్తారు. తెర చూడరు, చెవి కూడా పెట్టరు.

ఆర్టీసీ కండక్టర్ల చేతిలోని టిక్కెట్టు యంత్రం ఈ పనితనానికి మరో పరీక్ష. నిండిన బస్సులో కండక్టరు కళ్ళు ప్రయాణికుల మీద, చిల్లర మీద, ఫుట్‌బోర్డు మీద ఉంటాయి. బొటనవేలు మాత్రం స్టేజీ నంబరు, ఎంతమంది, పిల్లలెంతమంది అన్నీ కొట్టేస్తూ పోతుంది. కాగితం బయటికొచ్చేదాకా యంత్రం వైపు చూడని కండక్టర్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు కొన్ని బస్సుల్లో టచ్‌స్క్రీన్ యంత్రాలు వచ్చాయి. కార్డులూ క్యూఆర్ చెల్లింపులూ తీసుకోవడానికి అవి మంచివే. అంకెల వరకైనా కింద నిజమైన బటన్లు ఉంచితే కండక్టరు మెడకూ కళ్ళకూ ఎంతో సుఖం.

ఇంకా ముఖ్యమైన చోటు పిన్ నంబరు. ఏటీఎంలో లోహపు బటన్లున్నాయి, ఐదు మీద పొక్కుంది, చూపు లేని మనిషి ఎవరి సాయం లేకుండా తన నంబరు తాను కొట్టుకోగలడు. దుకాణాల్లో కార్డు గీసే యంత్రాలు కొన్ని ఇప్పుడు పూర్తిగా అద్దమే. నున్నటి అద్దం మీద ఐదెక్కడుందో అతనికి ఎవరు చెబుతారు? కొట్టువాడికి పిన్ చెప్పి కొట్టించుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. పక్కనున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా ఇది జరగకూడని పని. చవకైన రేకును తీసేసి చేసిన పొదుపు ఇక్కడ ఒక మనిషి గుట్టును బయటపెడుతోంది. బటన్లు లేని యంత్రాన్ని అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కూడా దీనికి బాధ్యత వహించాలి.

బటన్ల ఫోన్లు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం ఒకటి కొనబోతుంటే కెమెరా సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇవి చూడండి. ఫోను ఆపేసి ఉన్నప్పుడే బటన్లన్నీ వరుసగా నొక్కండి. అన్నీ ఒకేలా టిక్కుమనాలి. మూలల్లోని నక్షత్రం, హ్యాష్ బటన్లు మొద్దుగా ఉంటే షీటు సరిగ్గా కూర్చోలేదని అర్థం. బటన్ నడుమ కాకుండా అంచున నొక్కి చూడండి. అక్కడ కూడా ఒకే విరుపు తగలాలి, రెండు ముక్కలుగా తగిలితే అడుగున మొలక పక్కకు పడుతోంది. కళ్ళు మూసుకుని ఐదు వెతకండి, పొక్కు వెంటనే తగలాలి. మీ వేలితో కాకుండా, వాడబోయే వాళ్ళ వేలితోనే ఇదంతా చేయించండి. వయసు మీదపడిన చర్మానికి స్పర్శ తగ్గుతుంది గనుక మీకు చాలనిపించిన టిక్కు అమ్మమ్మకు చాలకపోవచ్చు. ఆవిడ 'ఆఁ, నొక్కుకుంది' అని తనంతట తాను అన్న ఫోనే తీసుకోండి.